యానాం ఆదివారాలు

నీళ్ళు ఇంకా దిగలేదు. దిగుతాయి, దిగక ఎక్కడికి పోతాయి, రేపో ఎల్లుండో అమావాస్య, పొద్దుటి పోటుకి ఎక్కిన నీళ్ళు మధ్యాహ్నానికి వెనక్కి తీయకపోతే అది సముద్రమే కాదు అని తనకి తానే సర్దిచెప్పుకుంటూ సత్తిబాబు మడచెట్ల నీడన గట్టు మీద గొంతుక్కూచున్నాడు. కాస్త ఎడంగా సూర్యకళ గొడుగు వేసుకుని కూచుంది. నీడలో గొడుగెందుకంటే ఎండకి కాదు, మొగుడి మొహం కనపడకుండా. ఎదుర్లంక రేవులో గోదారి దాటే పంటు ఎక్కిన దగ్గర్నుంచి ఆవిడ నోరు విప్పింది ఒకే ఒక్కసారి, అదీ ఈ బురద దగ్గరికి వచ్చాక, చెప్పులు ఇక్కడ వదిలెయ్యనా చేత్తో పట్టుకోనా అని. పట్టుకో అన్నాడు. పట్టుకుంది. అంతే. మామూలు రోజుల్లో గేదె ఈనిన కబురు దగ్గర్నుంచి పక్కింటి కోడలి జడ వరకు గుక్క తిప్పుకోకుండా చెప్పే మనిషి ఇలా మూగనోము పట్టి కూచుంటే, దీనికన్నా నాలుగు తిట్టినా బాగుండునని అతనికి అనిపిస్తోంది. ఎదురుగా గౌతమి సముద్రంలో కలిసే చోట నీళ్ళు బెల్లప్పానకం రంగులో, వెడల్పుగా, ఏమీ ఎరగనట్టు పడి ఉన్నాయి. ఒక్క పిట్ట లేదు. ఉగాది దగ్గర పడింది, ఈ రోజులకి సగం వెళ్ళిపోతాయని పిట్టల పుస్తకంలో ఉంది, ఆ సగం నిన్నే వెళ్ళిపోయి, మిగతా సగం ఇవాళ పొద్దున్నే వాటి వెనకాల బయల్దేరి ఉంటే?

పిట్టలు రాకపోతే ఏమవుతుందో అతనికి బాగా తెలుసు. నిన్న సాయంత్రం అరుగు మీద కూచుని, చెప్పినది నమ్మించడం చేతకాక, "రేపు నువ్వూ రా. నీ కళ్ళకి పిట్టలు కనపడకపోతే మళ్ళీ గోదారి దాటను" అనేశాడు. అన్న మాట వెనక్కి తీసుకునే అలవాటు వాళ్ళ వంశంలో లేదు, ఉండుంటే ఇంకాస్త బాగుపడేవాళ్ళు. దాటకపోతే ఏముంది, ఆదివారం ఇంటిపట్టున ఉంటాడు, అంతేగా అని ఎవరైనా అనొచ్చు. వాళ్ళకేం తెలుసు. దాటకపోతే దుర్భిణీ చేతికి రాదు, దుర్భిణీ లేకపోతే పుస్తకం ఎందుకు, పుస్తకం లేకపోతే పొద్దున్నే లేవడం ఎందుకు, లేవకపోతే మళ్ళీ ఆ మంచం. ఆ నులకమంచం తలుచుకోగానే వీపు మీద పాత అచ్చులు సలిపినట్టయింది. ముందుకి జరిగి, నీటి అంచున జాలర్లు పాతిన వెదురు గుంజ వైపు చూశాడు. గుంజ మీద తడి జానెడు మేర బయటపడింది. దిగుతోంది. సూర్యకళకి ఆ గుంజ చూపిద్దామా అనుకున్నాడు, కానీ తడిసిన వెదురు గుంజని చూసి మొగుడి మీద నమ్మకం తెచ్చుకునే పెళ్ళాం ఎక్కడా ఉండదని ఊరుకున్నాడు.

రొయ్యలకి తెల్లమచ్చ వచ్చిన ఏడు మొదలైంది ఆ మంచం. రొయ్య డొప్ప మీద సగ్గుబియ్యం గింజంత మచ్చ కనపడితే చాలు, వారం తిరక్కుండా చెరువు చెరువంతా చచ్చి గట్టుకి కొట్టుకొచ్చేది. అతనొక్కడిదే కాదు, చుట్టుపక్కల అందరివీ పోయాయి. నలుగురితో చావు పెళ్ళితో సమానం అంటారు, ఆ సామెత కట్టినవాడికి చెరువుల్లేవు. పోయినవాళ్ళలో కొందరు కొబ్బరి వ్యాపారంలోకి వెళ్ళారు, కొందరు మళ్ళీ వరిలోకి వెళ్ళారు, సత్తిబాబు మంచంలోకి వెళ్ళాడు. గట్టు మీద రేకుల షెడ్డు, అందులో నులకమంచం, కాపలా కాయడానికి ఏమీ మిగలని చెరువుకి రోజూ వేళ తప్పకుండా వెళ్ళేవాడు, మధ్యాహ్నం ఇంటికొచ్చి తిని మళ్ళీ డ్యూటీకి వెళ్ళినట్టు వెళ్ళి పడుకునేవాడు. రేకు చిల్లులోంచి పడే ఎండ బిళ్ళ బొటనవేలి దగ్గర్నుంచి మోకాలి దాకా పాకడం చూస్తే ఒక పూట గడిచేది. చెరువులు పోయిన మనిషికి పనీ ఉండదు, తీరికా ఉండదు. సూర్యకళే తోటలో కొబ్బరి దింపులు చూసుకుని, గేదె పాలు కేంద్రానికి పోయించి, కాకినాడ హాస్టల్లో ఉండి పాలిటెక్నిక్ చదివే కొడుక్కి సున్నుండలు పంపించి ఇంటిని నిలబెట్టింది. ఒక్క మాట అనేది కాదు. అప్పుడప్పుడు షెడ్డు దాకా వచ్చి, జ్వరం తగ్గని పిల్లాడిని చూసినట్టు చూసి వెళ్ళేది. ఆ చూపుకి ఎదురు లేవలేక ఇంకాస్త ఎక్కువసేపు పడుకునేవాడు.

గొడుగు కదిలింది. సూర్యకళ చెయ్యి చాచి నీళ్ళ వైపు చూపిస్తోంది. వచ్చాయా అని అతను దుర్భిణీ ఎత్తాడు. కాకి. మామూలు కాకి, జాలరి వదిలేసిన చేప తల ఒకటి ముక్కున పట్టుకుని గుంజ మీద వాలింది.

"ఇదేనాండీ?" అంది.

ఆ ఒక్క ముక్కలో ఎంత వెటకారం ఉందో, ఎంత ఏడుపు ఉందో అతనికి విడదీసి తెలియలేదు. కాదే, ఉండు, కాస్త ఓపిక పట్టు అన్నాడు. "పడతన్నాను కదా. ఇన్నాళ్ళ నుంచీ అదేగా పడతన్నాను" అని గొడుగు మళ్ళీ వంచేసింది. కాకి కూడా ఇంక ఇక్కడ తనకేం పని అన్నట్టు ఎగిరిపోయింది.

కాకులంటే వాళ్ళ ఇలాకాలో ఎంత పగో. రోగమొచ్చిన రొయ్యని కాకి ఒక చెరువులో ఎత్తి ఇంకో చెరువులో జారవిడుస్తుంది, కొంగ కాళ్ళకి అంటించుకొస్తుంది అని మీటింగులు పెట్టి మరీ చెప్పుకున్నారు. అందుకే గట్టు నుంచి గట్టుకి అడ్డంగా నైలాను దారాలు, పొద్దున్నా సాయంత్రం టపాకాయలు, అవి చాలకపోతే వడిసెల. వడిసెలతో రాయి విసరడంలో సత్తిబాబుకి పేరుంది, వరి చేలో మంచె మీద నిలబడి వాళ్ళ నాన్న నేర్పిన విద్య అది. పిట్ట అంటే పంట తినేది, అంతకుమించి దానికి వేరే బతుకు ఉంటుందని ఆ ఇంట్లో మూడు తరాలుగా ఎవరికీ తట్టలేదు. చెరువు ఎండిపోయాక కూడా అతను దారాలు విప్పలేదు, విప్పాలంటే మంచం దిగాలి కదా. మొన్న కార్తీకంలో ఒక పొద్దున్న కళ్ళు తెరిస్తే దారం మధ్యలో ఏదో కొట్టుకుంటోంది. ఎండాకు అనుకుని పక్కకి తిరిగాడు. గాలి లేదు, అయినా కొట్టుకుంటోంది. చివరికి లేచి, బీటలు వారిన చెరువులోకి దిగి, దారం పళ్ళతో కొరికి విడిపించాడు. బుల్లి పిట్ట. పిడికిట్లో ఉందంటే ఉంది, లేదంటే లేదు, బరువే లేదు, కానీ ఆ లేని బరువులో గుండె మాత్రం కుట్టుమిషనులా ఆడుతోంది. సన్నటి నల్లటి ముక్కు, చివర కాస్త కిందికి వంగి ఉంది. కన్ను నల్లగా మెరుస్తూ నువ్వెవరు అన్నట్టు చూసింది. అతనూ అదే అడిగాడు, పైకే అడిగాడు, "ఎవరే నువ్వు?" అని. ఏడాదిగా అతను ఎవరినీ ఏమీ అడగలేదన్న సంగతి అడిగాక గానీ తెలియలేదు. చెయ్యి విప్పగానే అది గోదారి మీదుగా యానాం దిక్కుకి పోయింది.

ఊళ్ళో అడిగితే ఉల్లంకి అన్నారు. కాళ్ళు సన్నగా ఉండి గట్టు మీద పరిగెత్తేది ఏదైనా ఉల్లంకే. అన్నిటికీ ఒకే పేరంటే దేనికీ పేరు లేనట్టేగా అనిపించి ఆ రోజు అన్నం సయించలేదు. తనకైతే రేషను కార్డులో వీరవెంకటసత్యనారాయణ అని బారెడు పేరుంది, ఎవరూ పిలవకపోయినా ఉంది. ఆ పిట్టకి ఎందుకుండదు? కొడుకుని చూడ్డానికి కాకినాడ వెళ్ళినప్పుడు రోడ్డు పక్క పాత పుస్తకాల బండి మీద అట్టలేని ఇంగ్లీషు పిట్టల పుస్తకం కనపడితే, బేరమాడకుండా కొన్న మొదటి వస్తువు అదే అతని జీవితంలో. టెన్త్‌లో ఇంగ్లీషు పోయిన మనిషి. కొడుకు స్కూలు నాటి డిక్షనరీ అటక మీంచి దింపి, షెడ్డులో అదే మంచం మీద, ఈసారి కూచుని, మాట మాటకీ వేలు పెట్టుకుని చదివాడు. ఒక పేజీకి ఒక పూట పట్టేది. బొమ్మలన్నీ ఒకేలా ఉండేవి, బూడిద రంగు వీపు, తెల్లటి పొట్ట, ఇందులో ఏది నాది అని వెతుక్కునేవాడు, జాతరలో తప్పిపోయిన పిల్లని వెతుక్కున్నట్టు. ఒకచోట రాసి ఉంది, వీటిని చూడాలంటే ఏటి మొగలో ఆటు సమయంలో బయటపడే బురద మీద చూడాలి అని. ఆటు అంటే అతనికొకరు చెప్పాలా? పోటుకి తూములెత్తి చెరువుల్లోకి నీళ్ళు పెట్టుకున్న చెయ్యి అది. అలా మొదలయ్యాయి యానాం ఆదివారాలు.

మొదటి ఆదివారం పంటు దిగి రేవు గట్టునే నడుస్తుంటే ఒక ఇంటి వరండాలో పెద్దాయన దుర్భిణీ కళ్ళకి పెట్టుకుని సూటిగా తననే చూస్తున్నాడు. రాజరత్నం గారు. యానాం ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్న రోజుల్లో, పడుచుతనంలో, వాళ్ళ సైన్యంలో చేరి సైగాను దాకా వెళ్ళొచ్చిన పింఛను మనిషి. ప్రతి పంటులోనూ ఎవరు దిగారు, ఎవరింటికి చుట్టాలొచ్చారు, ఎవరి చేతిలో ఏ సంచి ఉంది అని చూసుకోవడం తప్ప ఆ దుర్భిణీకి ఇప్పుడు వేరే కొలువు లేదు. ఒక్కసారి ఇస్తారా అండి, పిట్టల్ని చూడాలి అంటే, ఆయన అతన్ని కిందా పైనా చూసి, "యుద్ధంలో దీంతో మనుషుల్ని వెతికేవాళ్ళం అబ్బాయ్. నువ్వు పిట్టల్ని వెతుకుతానంటున్నావు. పట్టుకెళ్ళు. ఆఖరి పంటు వేళకి తెచ్చెయ్యాలి, లేకపోతే ఎవరొచ్చారో నాకెలా తెలుస్తుంది" అన్నాడు. ఆ దుర్భిణీలోంచి బురద మొదటిసారి చూసినప్పుడు అతను వెనక్కి తూలిపడ్డాడు. ఉత్త బురద అనుకున్నది బురద కాదు. పెళ్ళివారి విడిది. ఒకటి పరుగెత్తి ఆగుతుంది, ఒకటి గులకరాళ్ళు తిరగేసి చూస్తుంది, ఒకటి ఒంటికాలి మీద నిద్రపోతుంది, కొడవలంత ముక్కున్నది ఒకటి ఆ ముక్కు మొదలంటా బురదలోకి దించి పీతని లాగుతుంది. ఇంగ్లీషు పేర్లు నోరు తిరగక తనే పేర్లు పెట్టుకున్నాడు, తర్వాత ఒక్కొక్క పేరుకీ పుస్తకంలో అసలు పేరు వెతుక్కున్నాడు. తన దారంలో చిక్కుకున్నది ఏదో తేల్చుకోవడానికి సంక్రాంతి దాటింది. కర్ల్యూ శాండ్‌పైపర్. మంచు తప్ప ఏమీ లేని ఉత్తర దేశం నుంచి, సైబీరియా నుంచి వస్తుందట. తను కాకినాడ వెళ్ళడానికే రెండు సార్లు ఆలోచించే మనిషి, పిడికిట్లో బరువు తెలియని ఆ ప్రాణి అంత దూరం ఎగిరొచ్చి తన నైలాను దారానికి తగులుకుంది. ఆ పేజీ చదివిన పూట మంచం మీంచి లేచి, చెరువు చుట్టూ తిరిగి, దారాలన్నీ కోసి ఉండచుట్టి పారేశాడు. ఎందుకో పెద్దగా నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, ఎవరూ చూడకుండా రెండూ కానిచ్చాడు.

గుంజ దగ్గర ఇప్పుడు మూరెడు బురద తేలింది. అంచున నురగ వెనక్కి జారుతోంది. రండి తల్లీ, అనుకున్నాడు, ఇవాళొక్కరోజు రండి.

చిక్కేంటంటే అది మద్యనిషేధం రెండో ఏడు. ఇవతల ఒడ్డున చుక్క దొరకదు, అవతల ఒడ్డున యానాం మన సర్కారుది కాదు కాబట్టి సందు సందుకీ షాపు. ఆ రోజుల్లో ఆదివారం ఆదివారం పంటెక్కి యానాం వెళ్ళేవాడు పిట్టల్ని చూడ్డానికి వెళ్తున్నాడని అనుకోవాలంటే అనుకునేవాడు ముందు తాగి ఉండాలి. దొరబాబు, వరసకి బావమరిది, ఊరి కాలవ వంతెన మీద కూచుని ఊరందరి కబుర్లూ మోసే మనిషి, ఒకసారి యానాంలో ఇతను రాజరత్నం గారి ఇంట్లోంచి రావడం చూశాడు, ఆ ఇంటి పక్కనే ఉంది బ్రాందీ షాపు. ఇంకేం కావాలి. సాక్ష్యాలన్నీ సత్తిబాబు తనే సమకూర్చాడు. ఎండలో రోజంతా దుర్భిణీకి కళ్ళప్పగించి చూస్తే సాయంత్రానికి కళ్ళు చింతనిప్పులు. బురదలో జారిపడితే పంచె మోకాళ్ళ దాకా మట్టి. ఇంటికొచ్చాక మాట తక్కువ, గోడ వైపు చూసి తనలో తాను నవ్వుకోవడం ఎక్కువ. పేర్లు మర్చిపోకుండా దారి పొడుగునా పైకి వల్లెవేసుకునేవాడు, ఆ సైబీరియా పేర్లు వింటే ఎవరికైనా నాలుక మడతపడిందనే అనిపిస్తుంది. ఎదుర్లంక రేవులో తనిఖీ చేసేవాళ్ళు ప్రతివారం సంచి దులిపి, ఏమీ దొరక్క, వీడెవడో గట్టివాడు, సరుకంతా కడుపులో పోసుకుని వస్తున్నాడు అని తేల్చుకుని దణ్ణం పెట్టి పంపించేవాళ్ళు. దొరబాబైతే ఓ సాయంత్రం చెట్టు చాటుకి పిలిచి, "బావా, మనకి కూడా ఒక క్వార్టరు పట్టుకురావచ్చు కదా" అన్నాడు. తన దగ్గర ఏమీ లేదంటే మొహం మాడ్చుకుని, "ఆయ్, ఉంటదేటి, ఒక్కడివే కానియ్యి. ఇంత కాపీనం పనికిరాదు బావా" అని వారం రోజులు మాట్లాడలేదు.

ఎందుకు కాదనలేదు? దొరబాబుకీ పోయాయి చెరువులు. పోగొట్టింది పిట్టలేనని ఆ ఊరు నమ్మింది, రోగం నీళ్ళలో వచ్చిందో, చెరువులో వేసిన రొయ్యపిల్లలో వచ్చిందో ఎవరికీ తెలియదు కానీ తిట్టడానికి కాకిని మించినది ఏముంది. అలాంటి ఊళ్ళో నిలబడి నేను పిట్టల్ని చూసి సంతోషపడుతున్నానర్రా అంటే, తండ్రిని చంపినవాడి ఇంటికి భోజనానికి వెళ్తున్నానని చెప్పినట్టే. అంతేకాదు, నిజం చెప్పాలంటే, చెబితే అది పోతుందేమో అని భయం. ఏడాదిన్నర తర్వాత తనకంటూ దొరికిన ఒకే ఒక్క సంగతి. నలుగురి నోళ్ళలో పడితే నలుగురూ నలిపేస్తారు. దానికన్నా తాగుబోతు అన్న పేరే నయం, దాని చాటున హాయిగా ఉంది అనుకున్నాడు. తను హాయిగా ఉంటే ఇంట్లో ఒకరు ఎలా ఉన్నారో అనుకోలేదు. నిన్న సాయంత్రం సూర్యకళ బోరింగు దగ్గర బిందె ఎత్తబోయి కళ్ళు తిరిగి కూలబడింది. ఎత్తి అరుగు మీద పడుకోబెట్టి మొహాన నీళ్ళు కొడుతుంటే పక్కింటి పాపాయి పిన్ని వచ్చి, "పడిపోదేటి నాయనా, శనివారం శనివారం పచ్చి మంచినీళ్ళు ముట్టట్లేదు. నువ్వు మానాలని ఎంకన్నబాబుకి మొక్కుకుంది. నీకింకా కనికరం రాలేదు" అని చివాట్లు పెట్టి వెళ్ళింది. చలికాలం మొత్తం, తను గోడ వైపు చూసి నవ్వుకుంటున్న రోజులన్నీ, ఈవిడ శనివారం పస్తుండి ఆదివారం తనకి పొద్దున్నే పెరుగన్నం కలిపి పెట్టి పంపించింది. సిగ్గుతో అతనికి అక్కడికక్కడే భూమిలోకి దిగిపోవాలనిపించింది. నేను తాగట్లేదు సూర్యా, పిట్టల్ని చూస్తున్నాను అని చెప్పేశాడు. ఆవిడ పడుకున్నది పడుకున్నట్టే అతని మొహంలోకి చూసి, "అబద్ధం చెప్పినా అతికినట్టు చెప్పండి" అని గోడ వైపు తిరిగింది.

అందుకే ఈ ప్రయాణం. పొద్దున్న పంటులో అందరూ వింతగా చూశారు. యానాం వీధిలో షాపుల ముందు ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నడుస్తుంటే, ఎవడూ పలకరించకూడదు దేవుడా అని అతను మొక్కుకుంటుంటే, సరిగ్గా ఆ షాపు పక్క నిమ్మసోడా కొట్టువాడు, "ఏం గురువుగారూ, ఇవాళ ఆలస్యమైంది?" అని చెయ్యెత్తాడు. వాడు ఎరిగింది నిమ్మసోడా వరకే, కానీ సూర్యకళ ఆ చెయ్యిని చూసిన చూపు ఇంకా అతని వీపుకి అంటుకునే ఉంది. రాజరత్నం గారు దుర్భిణీ ఇస్తూ, అమ్మాయికి కూడా చూపిస్తున్నావా మంచిది అన్నాడు, ఈ పెద్దాయన కూడా వీళ్ళ ముఠాయే కాబోలు అనుకున్నట్టు ఆవిడ ఒక్క నమస్కారం పెట్టి ఊరుకుంది.

ఎక్కడో మడచెట్ల వెనక తీతువు అరిచింది. సూర్యకళ ఉలిక్కిపడి గుండెల మీద చెయ్యి వేసుకుని, "కృష్ణ కృష్ణ" అంది. తీతువు అరిస్తే చావు కబురు వస్తుందని చిన్నప్పట్నుంచీ వింటున్నదే, అతనూ నమ్మినవాడే, ఈ చలికాలం దాకా. దాని గూడు నేల మీదే ఉంటుంది, దగ్గరికి ఏదైనా వస్తే పిల్లల కోసం అలా గోల పెడుతుంది, అంతకన్నా ఏం లేదు అని చెప్పాలనుకున్నాడు. కానీ ఇంకాసేపట్లో పిట్టలు రాకపోతే ఈ చదువుకి విలువేముంది. బురద ఇప్పుడు పరుచుకుంటోంది, మూర, బార, ఇంకా దూరం, తడిగా, నున్నగా, ఎండకి మెరుస్తూ, అలికిన ముంగిలిలా తయారై కూచుంది. వాలేవాళ్ళే లేరు. పోనీలే, అయిపోయింది, ఇంటికెళ్ళి ఆ మంచం చితుకులు చేసి పొయ్యిలో పెట్టేస్తాను, ఏదో ఒక పని చూసుకుంటాను, ఈవిడ శనివారాలు అన్నం తింటే అంతే చాలు అనుకున్నాడు. అనుకున్నాడే గానీ కళ్ళు ఆకాశాన్ని వదల్లేదు.

ముందు చప్పుడు వచ్చింది. పట్టుచీర మడత విప్పినట్టు ఒక సన్నటి చప్పుడు, తల మీదుగా. తర్వాత నీళ్ళ మీద ఒక నల్లటి మబ్బు తునక, అది తిరిగింది, తిరిగేసరికి ఒక్కసారిగా తెల్లగా మెరిసి మాయమైంది, మళ్ళీ తిరిగింది, నలుపు, తెలుపు, నలుపు, ఆకాశంలో ఎవరో పళ్ళెం బోర్లించి తిప్పుతున్నట్టు. వందలు. దిగాయి. బురద కదిలింది, బురదకే కాళ్ళొచ్చి పరుగెత్తినట్టయింది. అతను మాట్లాడకుండా దుర్భిణీ సూర్యకళ చేతిలో పెట్టాడు. ఆవిడ గొడుగు పక్కన పడేసి కళ్ళకి పెట్టుకుని, "నల్లగా ఉందండీ, ఏం కనపట్లేదు" అంది. వెనక నుంచి చేతులు చాచి రెండు గొట్టాలూ ఆవిడ కళ్ళ ఎడానికి సరిపోయేలా దగ్గరికి నొక్కాడు, మధ్యలో మర మెల్లగా తిప్పాడు. తిప్పుతుండగా ఆవిడ ఊపిరి ఆగింది. ఎక్కడ ఆగిందో అక్కడ మర వదిలేశాడు.

చాలాసేపు అలాగే ఉంది. ఎండ మడచెట్ల నీడని పక్కకి జరిపి ఆవిడ పాదాల మీదికి వచ్చింది, పట్టించుకోలేదు. చెప్పు ఒకటి గట్టు మీంచి జారి బురదలో పడింది, అదీ పట్టించుకోలేదు. అతను దుర్భిణీ లేకుండా ఉత్త కళ్ళతో ఆవిడనే చూస్తూ కూచున్నాడు. నోరు కొంచెం తెరుచుకుని, కనుబొమలు పైకెత్తి, ఆవిడ పెళ్ళైన కొత్తలో సినిమా హాల్లో ఇలాగే ఉండేది. ఇంక ఫర్వాలేదు, గోదారి దాటొచ్చు అనుకున్నాడు.

"ఏవండీ, కొన్నిటికి రొమ్ము దగ్గర ఎర్రబడతందేటండీ?"

అతను ఎగిరిపడ్డాడు. పోయిన వారం వరకు ఒక్కటీ ఎర్రబడలేదు. పుస్తకంలో ఉన్నది, తను చూద్దామని నెల రోజులుగా కాచుకున్నది, ఈవిడ వచ్చిన పూటే పట్టేసింది. కడుపు మండింది, సంతోషమూ వేసింది. "వెళ్ళేముందు అలా ఇటుక రంగుకి తిరుగుతాయంట. ఉత్తరాన మంచు దేశానికి వెళ్ళి అక్కడ గుడ్లు పెడతాయి" అన్నాడు.

"పురిటికి పుట్టింటికి ఎల్తన్నాయన్నమాట."

ఆ పేజీని అతను డిక్షనరీతో ఎన్నిసార్లు చదివాడో, ఇంత బాగా ఒక్కసారీ అర్థం కాలేదు.

"మళ్ళీ వచ్చేటప్పుడు పిల్లల్ని తెచ్చుకుంటాయా?"

"తెచ్చుకోవంట. పెద్దవి ముందే బయల్దేరి వచ్చేస్తాయి. పిల్లలు రెక్కలు గట్టిపడ్డాక వాటంతటవే వస్తాయి."

"ఇంత దూరం? దారి ఎవరు చూపిత్తారు?"

"ఎవరూ చూపించరు."

దుర్భిణీ కింద నుంచి ఒక నీటిబొట్టు జారి సూర్యకళ చెంప మీదికి వచ్చింది, తుడుచుకోలేదు, తుడుచుకుంటే దుర్భిణీ కదులుతుంది కదా. ముందే చెప్పాల్సింది నీకు అన్నాడు అతను. "చెప్తే నమ్ముదునా?" అంది ఆవిడ, అందులో కోపం లేదు. కాసేపయ్యాక, "నా శనివారాలన్నీ దండగైపోయాయి" అని నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళైందో అతనికి లెక్క తెలియలేదు.

నీళ్ళు మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టాయి. బురద అంచు చుట్టుకొస్తోంది, పిట్టలు నీళ్ళకి ముందు ముందు పరిగెడుతూ గట్టుకి దగ్గరవుతున్నాయి, ఇప్పుడు ఉత్త కళ్ళకే కాళ్ళు కనపడుతున్నాయి. ఆఖరి పంటు పోద్ది, లేద్దామా అన్నాడు. ఉండండి అంది. ఇంకోసారి అన్నాడు. ఉండండీ, అదిగో ఆ కుంటిది ఏం చేత్తందో చూడనీండి అంది. ఆ కుంటిది ఎక్కడుందో అతనికి ఎంత వెతికినా కనపడలేదు, దుర్భిణీ అడగడానికి మనసొప్పలేదు.

"ఊళ్ళో ఎవరికీ చెప్పకండి" అంది ఉన్నట్టుండి.

"ఏ సంగతి?"

"ఈ పిట్టల సంగతి. తాగుతున్నారంటే మగాడన్నాక మామూలే అని ఊరుకుంటారు. ఇది తెలిసిందంటే, పాపం చెరువులతో పాటు మతి కూడా పోయింది అంటారు. దొరబాబు గారి నోరసలే మంచిది కాదు."

అతనికి నవ్వాగలేదు. పిట్టలు బెదురుతాయని నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళొచ్చేలా నవ్వి, "సరేలే, చెప్పను. మరి వచ్చే ఆదివారం కూడా నువ్వు నాతో పంటెక్కితే? నిన్నేమనుకుంటారు?" అన్నాడు.

సూర్యకళ దుర్భిణీ దించలేదు. నీటి అంచున కుంటుకుంటూ పోతున్న పిట్టతో పాటే మెల్లగా తల తిప్పుతూ, "నేనూ మొదలెట్టాననుకుంటారు" అంది.